మోకాలి గుజ్జు మళ్ళీ మొలుస్తుందా? – 280 ఏళ్ళ చరిత్ర



మన సంఘం సమావేశాలలో డి.ఏ. బకాయిల చర్చ ముగిసేలోపే ఇప్పుడు మోకాళ్ళ ప్రస్తావన వస్తున్నది. మూలకణాల ఇంజెక్షన్‌తో గుజ్జు మళ్ళీ మొలుస్తుందట, ఆపరేషనే అక్కరలేదట అనే మాట తరచుగా వినిపిస్తున్నది. నా కుడి మోకాలు కూడా అరుగుదలలో 3వ గ్రేడుకు చేరింది కనుక ఇందులో నా స్వార్థమూ ఉన్నది. సర్వీసులో ఏ నోటు పెట్టాలన్నా పాత ఫైలును మొదటి పేజీ నుండి చదవడం నా అలవాటు. ఈ విషయాన్నీ అలాగే చదివి, తెలుసుకున్నది సభ్యుల ముందుంచుతున్నాను.

ఈ ఫైలులో నాకు దొరికిన మొదటి కాగితం 1743 నాటిది. విలియం హంటర్ అనే పాతికేళ్ళ స్కాట్లండు వైద్యుడు లండన్ రాయల్ సొసైటీ పత్రికలో మృదులాస్థి గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. మృదులాస్థి అంటే మనం గుజ్జు అని పిలుచుకునేదే. ఎముకల చివర తెల్లగా, నున్నగా ఉండే పొర. అది నశిస్తే తిరిగి రాదన్నది హిప్పోక్రటీసు కాలం నుండి అందరూ ఒప్పుకున్న మాటేనని ఆయన వ్రాశాడు.

దీనికి కారణం ఉన్నది. చర్మం తెగితే రక్తం వచ్చి గాయం మానుతుంది. ఈ పొరలో రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. కీలులోని జిగురు ద్రవం నుండే దానికి ఆహారం అందాలి. నరాలు లేవు కనుక అరుగుదల మొదలైనప్పుడు నొప్పి తెలియదు. తెలిసేసరికి కింది ఎముక, చుట్టూ ఉన్న పొరలు కూడా దెబ్బతిని ఉంటాయి.

రక్తం రావడానికి దారి లేకపోతే దారి వేద్దామన్నది తొలి ప్రయత్నాలలో ఒకటి. 1959లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ప్రిడీ అనే సర్జన్ ఎముకకు సన్నని రంధ్రాలు వేసి మూలుగ నుండి రక్తం పైకి వచ్చేలా చేశాడు. 1980లలో అమెరికాలో స్టెడ్‌మన్ ఈ పద్ధతిని మెరుగుపరిచాడు. కొత్త పొర వచ్చింది గాని అది అసలు గుజ్జు కాదు, మచ్చవంటి నారపొర. అసలుదానిలా మన్నదు.

పెద్ద మలుపు స్వీడన్‌లో వచ్చింది. 1987లో గోథెన్‌బర్గ్ నగరంలో లార్స్ పీటర్సన్ బృందం రోగి మోకాలి నుండే చిటికెడు గుజ్జు తీసి, దానిలోని కణాలను ప్రయోగశాలలో రెండు మూడు వారాలు పెంచి, తిరిగి గాయంలో నాటింది. 1994లో 23 మంది ఫలితాలు వెలువడ్డాయి. తొడ ఎముక చివర గాయమైన 16 మందిలో 14 మందికి మంచి ఫలితం వచ్చింది. మోకాలిచిప్ప వెనుక గాయమైన 7 గురిలో ఇద్దరికే వచ్చింది. ఇక్కడ సభ్యులు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. వారు దెబ్బ తగిలి గుజ్జులో గుంట పడినవారు, మనకంటే ఎంతో చిన్నవారు. గోడకు పడిన గుంట పూడ్చడం వేరు, గోడంతా పెచ్చులూడితే బాగుచేయడం వేరు. మనది రెండవది.

తరువాత మూలకణాల వంతు వచ్చింది. మూలుగలోని కొన్ని కణాలకు 1991లో 'మెసెంకైమల్ స్టెమ్ సెల్స్' అని పేరుపెట్టిన అమెరికా శాస్త్రజ్ఞుడు ఆర్నాల్డ్ కాప్లాన్, 2017లో తానే ఆ పేరు మార్చాలని వ్రాశాడు. శరీరంలోకి ఎక్కించిన ఈ కణాలు కొత్త అవయవ భాగాలుగా మారడం లేదని, కొన్ని పదార్థాలను విడుదల చేసి అక్కడి కణాలను పురికొల్పుతున్నాయని ఆయన వివరణ. నామకరణం చేసినవారే పేరు మార్చమన్నా బజారులో పేరు మాత్రం మారలేదు.

ఇక పరీక్షల సంగతి. 2002లో అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మంది మాజీ సైనికులకు కీలులోకి గొట్టం పంపి శుభ్రం చేసే ఆపరేషన్‌ను పరీక్షించారు. కొందరికి చర్మంపై గాట్లు మాత్రమే పెట్టి కుట్లు వేశారు. రెండేళ్ళపాటు చూసినా రెండు వర్గాలకూ తేడా లేదు. 2021లో ఆస్ట్రేలియాలో 288 మందిలో కొందరికి వారి రక్తం నుండే తీసిన ప్లేట్‌లెట్ల ద్రవం, మిగిలినవారికి ఉప్పునీరు ఎక్కించారు. ఏడాది తరువాత పదింటికి వేసే నొప్పి కొలతలో మొదటివారికి 2.1, ఉప్పునీటివారికి 1.8 తగ్గింది. అది లెక్కకు వచ్చే తేడా కాదు. 2023లో అమెరికాలో 475 మందిపై మూడు రకాల కణాల ఇంజెక్షన్లను మామూలు స్టెరాయిడ్ సూదితో పోల్చారు. ఏడాది తరువాత ఏదీ స్టెరాయిడ్‌ను మించలేదు.

దక్షిణ కొరియాలో 2017లో 'ఇన్వోసా' అనే కణాల మందుకు అనుమతి ఇచ్చారు. గుజ్జు కణాలని చెప్పినవాటిలో ఒక భాగం మూత్రపిండ సంబంధమైన కణాలని తేలడంతో 2019లో ప్రభుత్వమే అనుమతి రద్దుచేసింది. ముద్ర పడిన కాగితాన్ని కూడా మరొకసారి సరిచూసుకోవాలని దీనివల్ల తెలుస్తున్నది.

మన దేశంలోనూ పని జరుగుతున్నది. బెంగుళూరు సంస్థ స్టెంప్యూటిక్స్ తయారుచేసిన 'స్టెంప్యూసెల్'కు మోకాళ్ళ అరుగుదల నిమిత్తం 2022లో అనుమతి లభించింది. 146 మందిపై ఏడాది పాటు జరిపిన పరీక్షలో నొప్పి, కదలికలలో మెరుగు కనిపించింది. ఇది ఆశ కలిగించే విషయమే. నొప్పి తగ్గడమూ చిన్న మేలు కాదు. అయితే నొప్పి తగ్గడం, గుజ్జు మొలవడం ఒకటి కావు.

అనుమతి పొందిన మందుకూ, వీధి చివర కేంద్రంలో అప్పటికప్పుడు కలిపి ఎక్కించే దానికీ ఎంతో తేడా ఉన్నది. భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలుగ మార్పిడి వంటివి తప్ప, నిరూపణ కాని మూలకణ చికిత్సలు అనుమతి పొందిన పరీక్షలలోనే జరగాలి. పరీక్షలో పాల్గొనేవారి నుండి ఆ మందుకు సొమ్ము తీసుకోరాదు. పరీక్షలను దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయించడం 2009 నుండి తప్పనిసరి. నేను ఒక కేంద్రానికి వెళ్ళి ఆ రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే రంగురంగుల కరపత్రం చేతిలో పెట్టారు. రెండు మోకాళ్ళకు రెండు లక్షల పైచిలుకు అన్నారు. నంబరు మాత్రం చెప్పలేదు. నంబరు లేని కాగితాన్ని సర్వీసులో మనమెవరం ముందుకు కదిపేవాళ్ళం కాదు కదా!

అంతవరకు చేయగలిగినవి లేకపోలేదు. బరువు ఎక్కువ ఉన్న వృద్ధులపై 2005లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం ప్రకారం, ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగుకూ మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. తొడ కండరాలకు వ్యాయామం నొప్పిని తగ్గిస్తుందని పరీక్షలలో తేలినది. పూర్తిగా అరిగినవారికి కీలు మార్పిడి ఉండనే ఉన్నది. ప్రధానిగా ఉండగా వాజపేయి గారు 2000, 2001లలో రెండు మోకాళ్ళకూ ముంబైలో చేయించుకున్నారు. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం కృత్రిమ కీళ్ళ ధరలకు పరిమితి కూడా విధించింది.

హంటర్ మాట 280 ఏళ్ళ తరువాత కూడా పూర్తిగా వీగిపోలేదు. ఏనాటికైనా వీగిపోతుందనే నా నమ్మకం. అది మన మనుమల కాలానికి అందితే అంతకంటే సంతోషం లేదు. ఈలోగా గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము తీసి ఇచ్చేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఈ మందుకు అనుమతి ఉన్నదా? దేనితో పోల్చి పరీక్షించారు? ఏడాది తరువాత ఫలితం ఏమిటి? జవాబు వ్రాతపూర్వకంగా ఇవ్వమనండి. ఆ కాగితం ఇంట్లో పిల్లలకు, మీకు నమ్మకమైన ఎముకల డాక్టరుగారికి చూపించిన తరువాతనే నిర్ణయం తీసుకోండి.

సభ్యులందరికీ ఆయురారోగ్యాలు కలగాలని కోరుకుంటూ,

– ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంట్