ఇంజను బ్లాకులో పగులు: నిర్ధారణ, పునర్నిర్మాణం

సిలిండర్లను, వాటి చుట్టూ నీరు, ఆయిలు ప్రవహించు మార్గాలను తనలో ఇముడ్చుకున్న పోత లోహభాగమే ఇంజను బ్లాకు. లారీలు, ట్రాక్టర్లలో ఇది సాధారణంగా పోత ఇనుముతోను, నేటి కార్లు అనేకంలో అల్యూమినియంతోను తయారవుతుంది. 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలో చేరిన తిరుత్తణి, దాని పొరుగున ఉన్న తిరువళ్లూరు చెన్నై–తిరుపతి రహదారిపై ఉన్నాయి. ఈ మార్గంలో బండ్లు నడిపి జీవించేవారికి బ్లాకు పగులుట పెద్ద నష్టమే.

కారణాలు

కూలెంటుకు బదులు ఉప్పు బోరునీరు పోయుటచే లోపల పాచు పేరుకొని వేడి బయటకు పోదు. కాగిన ఇంజనులో ఒక్కసారిగా చన్నీరు పోసినచో లోహం అసమంగా సంకోచించి చీలుతుంది.

లక్షణాలు

బయట కారకుండానే నీరు తగ్గుట, ఆయిలు పాలు కలిపిన టీ రంగుకు మారుట, సైలెన్సరు నుండి తెల్లని ఆవిరి, రేడియేటరులో బుడగలు ముఖ్యమైనవి. అయితే హెడ్ గ్యాస్కెట్ కాలినను ఇవే కనిపిస్తాయి. కనుక లక్షణాలను మాత్రమే చూసి బ్లాకు పోయినదని తీర్మానించరాదు.

నిర్ధారణ

ఇంజను చల్లారిన పిమ్మట రేడియేటరుకు, దాని మూతపై సూచించిన మేరకు గాలి పీడనం ఇచ్చి, ముల్లు పడిపోవుచున్నదేమో చూడాలి. తరువాత హెడ్డు విప్పి, గ్యాస్కెట్‌పై కాలిన చారలను, స్కేలు, ఫీలర్ గేజిలతో హెడ్డు వంపును పరీక్షించాలి. ఇవి సరిగా ఉన్నప్పుడే అనుమానం బ్లాకుపైకి మళ్లుతుంది. శుభ్రపరచిన లోహంపై ఎర్రని రంగుద్రవం పూసి, తుడిచి, తెల్లని పొడి చల్లినచో పైకి తెరచుకున్న పగులు ఎర్రగీతగా బయటపడుతుంది. పోత ఇనుముకు అయస్కాంత పరీక్ష కూడా పనికివస్తుంది, అల్యూమినియంకు పనికిరాదు.

బాగుచేయుట

సిలిండరు గోడలోని పగులుకు లైనరు దింపవచ్చు. నీటి గోడలోని పగులును వరుసగా మరలు బిగించి, వేడి లేకుండానే కుట్టవచ్చు. పోత ఇనుమును ముందుగా వేడిచేయక వెల్డింగ్ చేసినచో ప్రక్కనే మరల పగులవచ్చు. క్రాంకు బేరింగులు కూర్చొను చోట చీలినచో బ్లాకును మార్చుటే మేలు.

పునర్నిర్మాణం

ఆయిలు మార్గాలను కడిగి, బోరింగ్, హోనింగ్ చేయించి, ఆ కొలతకు తగిన పిస్టన్లు, రింగులు అమర్చాలి. క్రాంకును మైక్రోమీటరుతో కొలిచి బేరింగులు ఎంచుకోవాలి. హెడ్డు బోల్టులను తయారీదారు సూచించిన క్రమంలో, దశలవారీగా టార్క్ రెంచితో బిగించాలి.

బ్లాకు మారినచో ఇంజను నెంబరు మారుతుంది. ఆర్.సి. పుస్తకంలో దానిని నమోదు చేయించనిచో అమ్మకంలోను, ఇన్సూరెన్సులోను చిక్కులు తప్పవు.