రామన్నపేట నుంచి ఆల్ప్స్ కొండలకు: కుటుంబంతో స్విట్జర్లాండ్ వెళ్లాలంటే ముందే తెలుసుకోవాల్సినవి

స్విట్జర్లాండ్ అంటే మంచు కొండలు, సరస్సులు, సినిమా పాటలు గుర్తొస్తాయి. రామన్నపేట లాంటి ఊరి నుంచి వెళ్లే కుటుంబానికి మాత్రం ఆ ట్రిప్ సగం బీరువాలోని కాగితాల దగ్గరే తేలిపోతుంది. వీసా రాకపోతే కట్టిన ఫీజు తిరిగి రాదు. అక్కడికి వెళ్లాక నిఖాబ్, హలాల్ తిండి, నమాజ్ వేళల విషయంలో తడబడితే డబ్బు పెట్టి ఇబ్బంది కొనుక్కున్నట్టే. అందుకే కనీసం ఐదారు నెలల ముందు మొదలుపెట్టాలి.

ఎప్పుడు వెళ్లాలి?

మన పిల్లలకు ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. ఏప్రిల్, మే మొదట్లో అక్కడ కొన్ని రోప్‌వేలు మరమ్మతుల కోసం మూసి ఉంటాయి. ఎత్తైన కొండ రోడ్లు చాలావరకు జూన్‌లో గానీ తెరుచుకోవు. కాబట్టి మే చివరి వారం, జూన్ మొదటి వారం మనకు అనుకూలం. అయితే ఈ ఏళ్లలో బక్రీద్ కూడా మే, జూన్ నెలల్లోనే పడుతోంది. పండుగ ఊర్లో చేసుకోవాలంటే టికెట్ల కంటే ముందు క్యాలెండర్ చూడండి.

పేర్లు, కాగితాలు

మన ఇళ్లలో అసలు చిక్కు పేర్లతోనే. ఒక కాగితంలో మొహమ్మద్ అని పూర్తిగా, ఇంకో దాంట్లో ఎండీ అని పొట్టిగా ఉంటుంది. ఆధార్‌లో బేగం, పాస్‌పోర్ట్‌లో బీ. దరఖాస్తు, విమాన టికెట్, ఇన్సూరెన్స్ మూడూ పాస్‌పోర్ట్‌లో ఉన్న స్పెల్లింగ్‌తోనే ఉండాలి. బ్యాంకు, పాన్, ఆధార్‌లో తేడాలుంటే ముందే సరిచేయించుకోండి.

జిల్లా పేరు ఇంకోటి. రామన్నపేట 2016 అక్టోబర్ దాకా నల్లగొండ జిల్లా, ఆ తర్వాత యాదాద్రి భువనగిరి జిల్లా. పాత, కొత్త కాగితాల్లో రెండు పేర్లు కనిపిస్తే కంగారు వద్దు. కవరింగ్ లెటర్‌లో ఈ మార్పు సంగతి ఒక్క వాక్యంలో రాస్తే చాలు.

నిఖానామా ఉర్దూలో ఉంటే వక్ఫ్ బోర్డు నుంచి ఇంగ్లీషు మ్యారేజ్ సర్టిఫికెట్ తీసుకోండి. పిల్లలు అమ్మతోనో నాన్నతోనో ఒక్కరితోనే వెళ్తుంటే, రెండో వారి సమ్మతి పత్రం కావాలి. ఇంటాయన దుబాయిలోనో సౌదీలోనో ఉంటే, ఆయన ఉంటున్న దేశం నుంచే వీసాకు దరఖాస్తు చేసుకోవాలి. ఇద్దరి హోటల్ బుకింగులు, తేదీలు మాత్రం ఒకదానితో ఒకటి కలవాలి.

వీసా ఎలా?

స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు, కానీ 2008 నుంచి షెంజెన్‌లో ఉంది. అదే వీసాతో పక్కనున్న ఆస్ట్రియా కూడా చూడొచ్చు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. రెండింట్లో సమానంగా ఉంటే, మొదట దిగే దేశానికి.

స్విస్ వీసా దరఖాస్తులు హైదరాబాద్‌లోని వీఎఫ్‌ఎస్ గ్లోబల్ కేంద్రంలో తీసుకుంటారు. గుర్తుంచుకోవాల్సినవి:

- ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు. 15 రోజుల్లోపు మిగిలి ఉంటే ఆలస్యమైనట్టే. సాధారణంగా 15 రోజుల్లో తేలుతుంది, 45 రోజుల దాకా పట్టొచ్చు.
- తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు పాస్‌పోర్ట్ చెల్లాలి. రెండు పేజీలు ఖాళీగా ఉండాలి.
- ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చుకు ఉండాలి.
- ఫీజు 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు. 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45. ఆరేళ్ల లోపు పిల్లలకు లేదు. సర్వీసు చార్జీ వేరు.
- 12 ఏళ్లు నిండినవారు వేలిముద్రలు ఇవ్వాలి. ఫోటోలో తలకు స్కార్ఫ్ ఉండొచ్చు, ముఖం పూర్తిగా కనిపించాలి.

భార్యాభర్తలు, 13 ఏళ్ల అబ్బాయి, 10 ఏళ్ల అమ్మాయి ఉన్న ఇంటికి వీసా ఫీజే 315 యూరోలు. ఒకరికి రాకపోయినా ఆ సొమ్ము పోయినట్టే. 'వీసా గ్యారంటీ' అనే ఏజెంట్ మాట నమ్మకండి. ఆ నిర్ణయం ఏ ఏజెంట్ చేతిలోనూ ఉండదు. వీసా వచ్చేదాకా రద్దు చేసుకునే వీలున్న హోటళ్లే బుక్ చేయండి.

దరఖాస్తుకు ముందు వారంలో ఒక్కసారిగా ఖాతాలో లక్షలు జమ చేస్తే అనుమానం వస్తుంది. నెలనెలా వచ్చిపోయే డబ్బు కనిపించాలి. వ్యవసాయదారులైతే పట్టాదారు పాసుపుస్తకం, ధాన్యం లేదా పత్తి అమ్మిన రసీదులు, ఉంటే ఐటీ రిటర్నులు పెట్టండి. మళ్లీ ఊరికి తిరిగొస్తారని చెప్పేవి ఇవే.

నిఖాబ్ చట్టం

ఇది ఇంట్లో ఆడవాళ్లతో టికెట్ కొనకముందే మాట్లాడాలి. 2025 జనవరి 1 నుంచి స్విట్జర్లాండ్ అంతటా వీధులు, రైళ్లు, దుకాణాలు, హోటళ్లు లాంటి చోట్ల ముఖం కప్పుకోవడం నిషేధం. జరిమానా 100 ఫ్రాంకులు, అక్కడికక్కడ కట్టనంటే 1,000 ఫ్రాంకుల దాకా పోతుంది. ప్రార్థనా స్థలాలకు, ఆరోగ్య కారణాలకు మినహాయింపు ఉంది. ఆస్ట్రియాలోనూ 2017 అక్టోబర్ నుంచి ఇలాంటి చట్టమే ఉంది.

హిజాబ్, అబాయా, తల స్కార్ఫ్ మీద ఈ నిషేధం లేదు. నిఖాబ్ తీయనని అమ్మీ గానీ, ఇంటావిడ గానీ అంటే ఆ మాట గౌరవించి వేరే దేశం చూసుకోవడం మేలు. విమానాశ్రయంలో దిగాక బలవంతం చేసే పరిస్థితి తెచ్చుకోవద్దు.

హలాల్ తిండి

పశువును ముందు స్పృహ తప్పించకుండా జబహ్ చేయడం స్విట్జర్లాండ్‌లో 1893 నుంచి నిషేధం. అందుకే అక్కడ హలాల్ మాంసం చాలావరకు బయటి దేశాల నుంచి వస్తుంది. జూరిచ్, జెనీవా లాంటి నగరాల్లో టర్కీ, అరబ్ దుకాణాలు ఉంటాయి. కొండ ఊళ్లలో దొరుకుతుందనే ధీమా వద్దు.

వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే సగం సమస్య తీరుతుంది, ఖర్చూ తగ్గుతుంది. మిగ్రోస్, కోప్ సూపర్‌మార్కెట్లలో బియ్యం, కూరగాయలు, గుడ్లు, పాలు, చేపలు దొరుకుతాయి. ఆదివారం చాలా దుకాణాలు బంద్, పెద్ద రైల్వే స్టేషన్లలోనివి తెరిచి ఉంటాయి.

బయట తినేటప్పుడు చూసుకోవాల్సినవి: చీజ్ ఫాండ్యూలో వైట్ వైన్ పోస్తారు. బంగాళదుంపల రోస్టిలో పంది మాంసం ముక్కలు కలపడం మామూలే. కొన్ని చాక్లెట్ల లోపల మద్యం ఉంటుంది. జర్మన్‌లో 'ష్వైన్', ఇటాలియన్‌లో 'మయాలే' అంటే పంది మాంసం.

ఊరి నుంచి మటన్ పచ్చడి, నెయ్యి, కోవా స్వీట్లు తీసుకెళ్లొద్దు. మన దేశం నుంచి మాంసం, పాల పదార్థాలు తేవడానికి అక్కడ అనుమతి లేదు. మామిడి పళ్లూ పెట్టొద్దు. సకినాలు, కారప్పొడి, చింతకాయ తొక్కు సరిపోతాయి.

నమాజ్

ఇక్కడ ఖిబ్లా పడమర వైపు, అక్కడ ఆగ్నేయం వైపు. అలవాటులో పొరపాటు జరగకుండా ఫోన్‌లో దిక్సూచి పెట్టుకోండి. జూన్‌లో మగ్రిబ్ రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో, ఇషా పదకొండు దాటాకే. ఫజర్ సూర్యోదయానికి చాలా ముందే మొదలవుతుంది, సూర్యుడు ఐదున్నరకే వస్తాడు. పగలు కొండలెక్కి అలిసిన పిల్లలకు మధ్యాహ్నం విశ్రాంతి ఇవ్వాల్సిందే.

హనఫీ ఫిఖ్ ప్రకారం ఒక ఊళ్లో 15 రోజుల కంటే తక్కువ ఉండే ముసాఫిర్ జొహర్, అసర్, ఇషా ఫర్జ్ నమాజ్‌లను రెండేసి రకాత్‌లకు కుదిస్తాడు. మిగతా వివరాలు మీ ఇమామ్ సాబ్‌ను అడిగి వెళ్లండి. 2009 రెఫరెండంతో కొత్త మినార్ల నిర్మాణం అక్కడ నిషేధమైంది. కాబట్టి మినార్ కనిపించకపోతే మసీదు లేదనుకోకండి. చాలా మసీదులు మామూలు భవనాల్లోనే నడుస్తాయి.

ఎక్కడ ఉండాలి, ఏం చూడాలి?

మొదటిసారికి లూసర్న్‌లో మూడు రాత్రులు, ఇంటర్లాకెన్‌లో మూడు రాత్రులు చాలు. హైదరాబాద్ నుంచి దుబాయి, దోహా లాంటి చోట్ల మారి జూరిచ్ చేరొచ్చు. రైల్వే స్టేషన్ విమానాశ్రయంలోనే ఉంది, లూసర్న్‌కు గంట ప్రయాణం. లూసర్న్ నుంచి ఇంటర్లాకెన్‌కు రైల్లో రెండు గంటలు, దారి పొడవునా సరస్సులే.

స్విస్ ట్రావెల్ పాస్ తీసుకుంటే రైళ్లు, బస్సులు, పడవలు అందులోనే. 16 ఏళ్ల లోపు పిల్లలు తల్లిదండ్రులతో ఉచితం, ఫ్యామిలీ కార్డు అడిగి తీసుకోవాలి. రిగి కొండ కూడా పాస్‌లోనే వస్తుంది. టిట్లిస్, యుంగ్‌ఫ్రాయోఖ్‌లకు రాయితీ మాత్రమే. యుంగ్‌ఫ్రాయోఖ్ రానుపోను పూర్తి టికెట్ వేసవిలో 200 ఫ్రాంకులు దాటుతుంది. ఒక ఫ్రాంకు వంద రూపాయల పైమాటే. ఆ ఉదయం వెబ్‌క్యామ్‌లో కొండ కనిపిస్తేనే టికెట్ కొనండి.

యుంగ్‌ఫ్రాయోఖ్ 3,454 మీటర్ల ఎత్తు. అక్కడ పీల్చే గాలిలో ఆక్సిజన్ మన దగ్గరి కంటే దాదాపు మూడోవంతు తక్కువ. గుండె జబ్బు, ఆయాసం ఉన్న పెద్దలు, గర్భిణులు, చంటిపిల్లలు డాక్టర్‌ను అడగకుండా ఎక్కొద్దు. 1,322 మీటర్ల హార్డర్ కుల్మ్, 1,798 మీటర్ల రిగి నుంచి కూడా మంచు కొండలు కనువిందుగా కనిపిస్తాయి. నానీకి, దాదీకి అవే హాయి.

అత్యవసరానికి 112, అంబులెన్స్‌కు 144. భారత రాయబార కార్యాలయం బెర్న్‌లో ఉంది. పాస్‌పోర్ట్, వీసా, ఇన్సూరెన్స్ కాపీలు ఒక సెట్ బ్యాగులో, ఒక సెట్ ఊర్లో నమ్మకమైన వాళ్ల దగ్గర పెట్టి బయల్దేరండి.