ఛత్తాబజార్ ఖత్తాతీ

హైదరాబాద్ పాతబస్తీలో చార్మినార్‌కు దగ్గర్లోని ఛత్తాబజార్ కేంద్రంగా సాగిన ఉర్దూ, అరబీ అందమైన రాత. రాసేవారిని కాతిబ్‌లంటారు. పెళ్లిపత్రికలు, దుకాణాల బోర్డులు వీరికి తిండి పెట్టిన పనులు. పనితనం తెలిసేది మాత్రం గోడకు తగిలించే తుగ్రాల్లోనే. ఒక సూక్తినో, ప్రార్థననో పక్షిగా, పడవగా, దీపంగా మలిచే అక్షరచిత్రం అది.

ముందు పెన్సిల్‌తో బొమ్మ అంచు గీస్తారు. తర్వాత ఏ అక్షరం ఎక్కడ ఒదుగుతుందో చూస్తారు. నిలువుగా ఉండే అలిఫ్ అక్షరాలు తెరచాప కొయ్యలుగానో, దీపశిఖలుగానో మారతాయి. సాగదీసిన గీతలు పడవ అడుగు అవుతాయి. వాక్యం చదవడానికి వీలుగా మిగలాలి. అసలు కష్టం అదే. బొమ్మ కోసం మాటను బలిపెట్టిన తుగ్రా ఎంత ముచ్చటగా ఉన్నా లోపమే.

ఏటవాలుగా చెక్కిన రెల్లు కలం వేసే చుక్క వజ్రాకారంలో ఉంటుంది. అక్షరాల ఎత్తు, వెడల్పు ఆ చుక్కలతోనే కొలుస్తారు. కలం మారితే కొలతలన్నీ దానితోపాటే పెరుగుతాయి, తగ్గుతాయి.

నగరంలో ఇలాంటి అక్షరచిత్రాల పాత రూపం 16వ శతాబ్ది చివర కట్టిన మొహర్రం సంతాప మందిరం బాద్‌షాహీ ఆషుర్‌ఖానాలో ఉంది. అక్కడి రంగుపలకల మీద మొహర్రంలో నిలిపే పీరు ఆకారంలోనే అక్షరాలు అమరాయి. 1908 మూసీ వరదలో కొన్ని పలకలు పాడైతే, తర్వాత వాటి చోట రంగులతో నగిషీ వేశారు.

1981లో నూరీ నస్తాలీఖ్ కంప్యూటర్ అక్షరాలు, 1994లో ఉర్దూ పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌పేజ్ వచ్చాక కాతిబ్‌ల పని బాగా తగ్గింది.