వరాహ ముద్ర



మధ్య అమెరికాలో గ్వాటెమాలా యను దేశము కలదు. ఆ దేశపు నాణెము పేరు కెట్సాల్. అది యొక పక్షి పేరు. పూర్వము అచ్చటి మాయా జాతివారు ఆ పక్షియొక్క పచ్చని తోకయీకలను మిక్కిలి విలువగల వస్తువులుగా నెంచెడివారు. 1925వ సంవత్సరమున ఆ దేశమువారు పెసో యను పాత నాణెమును విడిచి, క్రొత్త నాణెమునకు ఈ పక్షి పేరు పెట్టుకొనిరి. ధనమునకు ప్రాణి పేరేమని మనము నవ్వ నక్కఱలేదు. మన పూర్వులు పొలము కొన్నను, కట్నమిచ్చినను లెక్కించినవి వరాహములే కదా!

ఈ వరాహము మన పిఠాపురమునకు క్రొత్తది కాదు. రెండవ పులకేశి పిష్టపురమును జయించెనని 634వ సంవత్సరపు ఐహోళె శాసనము చెప్పుచున్నది. అతని తమ్ముఁడగు కుబ్జవిష్ణువర్ధనుఁడు ఈ సీమలో తూర్పు చాళుక్య వంశమును నిలిపెను. ఆ వంశమువారి లాంఛనము వరాహము. నన్నయభట్టుచేత భారతమును తెనిఁగింపించిన రాజరాజనరేంద్రుని బంగారు నాణెములు నేఁటికిని నిలిచియున్నవి. అవి రేకువలె పలుచనివి. నడుమ వరాహము, చుట్టును రాజు పేరిటి యక్షరములు, ఒక్కొక్కటి వేఱువేఱు ముద్రతో కొట్టఁబడినవి, రాజ్యసంవత్సరము గూడ కలదు. ఆయన పెదతండ్రియగు శక్తివర్మ నాణెములు 'చాళుక్యచంద్ర' బిరుదముతో అరకాను తీరమునను, సయాము దేశమునను దొరకినవి. మన తీరమునకు సముద్రము కావలి దేశములతో నెంత సంబంధముండెనో వీనివలన తెలియుచున్నది.

విజయనగర ప్రభువులు నాణెముపై ఉమామహేశ్వరులను, బాలకృష్ణుని ముద్రించిరి. బొమ్మ మారినను వరాహ యను పేరు మాత్రము పోలేదు. 1818లో చెన్నపట్టణపు ప్రభుత్వము రూపాయను ప్రమాణముగా నేర్పఱచి, వరాహ యొకటికి మూడున్నర రూపాయలని నిర్ణయించెను. అంతట వరాహ క్రమముగా లెక్కలనుండి తొలఁగినది.

నా బాల్యమున పొరుగూర నుయ్యి త్రవ్వుచుండఁగా చిన్న ముంతలో కొన్ని పాత నాణెములు దొరకినవి. దొరకినవారు సర్కారు లాగుకొనునను భయమున రాత్రికి రాత్రే కరఁగించిరి. మా తండ్రిగారు వెళ్లి చూచునప్పటికి మూసలో ముద్ద మాత్రము మిగిలినది. అవి ఏ రాజువో, ఏ యేఁటివో ఇఁక నెవరును చెప్పజాలరు.

ఆ భయము నిరాధారము. 1878 నాటి నిధుల చట్టము ప్రకారము, దొరకిన నిధిని గూర్చి కలెక్టరునకు తెలుపవలెను. దానిని ప్రభుత్వము తీసికొన్నచో లోహపు విలువయు, దానిపై నైదవవంతును చెల్లించును. కంసాలి మూస అంత యీయదు. కావున పెద్దలగు మీరు ఈ మాటను మీ యూరి పాలేరులకును, నూతులు త్రవ్వువారికిని చెప్పవలెనని నా ప్రార్థన.