ఉక్కపోతలో వ్యాయామం: చెమట ఆరకపోతేనే ముప్పు

వ్యాయామ సమయంలో శరీరాన్ని చల్లబరచేది చెమట కారడం కాదు, అది ఆవిరి కావడం. గాలిలో తేమ అధికంగా ఉండే విశాఖపట్నం, చెన్నై వంటి తీరనగరాలలో చెమట ఒంటిమీదే నిలిచిపోవడంతో లోపలి వేడి త్వరగా బయటికి పోదు. అందువల్ల అక్కడి 33 డిగ్రీల ఉక్కపోత, అనంతపురంలోని 38 డిగ్రీల పొడి ఎండకన్నా ప్రమాదకరం కావచ్చు. వేకువ పరుగు పూర్తిగా సురక్షితమన్న నమ్మకమూ సరికాదు. ఎండ లేకున్నా తేమ శాతం ఆ వేళలోనే ఎక్కువ. వేడికి శరీరం అలవాటుపడడానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. కానిస్టేబుల్ ఎంపికలోని 1600 మీటర్ల పరుగుకు సిద్ధమయ్యే అభ్యర్థులు తొలివారంలోనే వేగం పెంచడం తగదు. పరుగెత్తేవారి మాట తడబడినా, తికమకపడినా వడదెబ్బగా భావించి 108కు ఫోన్ చేయాలి. అంబులెన్సు వచ్చేలోగా నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా చన్నీళ్లతో తడుపుతూ విసరాలి. స్పృహ సరిగా లేనివారికి నీరు తాగించరాదు.