అద్దం తీసేసిన కెమెరా

లెన్సు చూసేదే కంటికీ కనిపించాలని కెమెరాలో అద్దం పెట్టారు. లెన్సులోంచి వచ్చిన వెలుతురు ఏటవాలు అద్దం మీద పడి, పైనున్న గాజు పట్టకంలో మలుపులు తిరిగి కంటికి చేరుతుంది. బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది. టప్‌మని వినిపించే చప్పుడులో సగం దానిదే. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ ఈ ఏర్పాటును పత్రికా ఫొటోగ్రాఫర్ల మెడలో హారం చేసింది. తర్వాత ఫిల్ము పోయి సెన్సారు వచ్చింది. అద్దం మాత్రం కదల్లేదు.

నిజానికి 1925లో అమ్మకానికి వచ్చిన జర్మనీ కెమెరా లైకాలో అద్దమే లేదు. ఆస్కర్ బార్నాక్ దాన్ని సినిమా ఫిల్ముతో నడిచేలా, కోటు జేబులో పట్టేలా తయారుచేశాడు.

అద్దం లేచి పడాలంటే చోటు కావాలి. నికాన్ ఎఫ్‌లో లెన్సు బిగించే చోటికీ ఫిల్ముకీ మధ్య 46.5 మిల్లీమీటర్ల ఎడం ఉండేది. 2008లో ఒలింపస్, పానసోనిక్ కలిసి మైక్రో ఫోర్ థర్డ్స్ అనే అద్దంలేని పద్ధతిని ప్రకటించి, ఆ ఎడాన్ని దాదాపు 20 మిల్లీమీటర్లకు దించాయి. ఆ ఏడాదే వచ్చిన పానసోనిక్ జీ1లో అద్దమూ లేదు, పట్టకమూ లేదు. అయినా పట్టకం ఉండే చోట నెత్తిన మూపురం అలాగే ఉంది! అందులో ఉన్నది చిన్న ఎలక్ట్రానిక్ తెర. కొనేవారికి ‘పెద్ద కెమెరా’లా కనిపించదేమోనన్న బెంగ కాబోలు.

మరుసటి ఏడాది ఒలింపస్ ఆ మొహమాటం వదిలేసింది. తన 1959 నాటి పెన్ కెమెరాను తలపించేలా ఈ-పీ1 తెచ్చింది. బాడీ బరువు 335 గ్రాములు. కన్ను ఆనించి చూసే కిటికీయే లేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో వెనక తెర మీద బొమ్మ వెతుక్కోవాల్సిందే.

ఆటలు, పక్షులు తీసేవారు పెదవి విరిచారంటే విరవరా మరి! పరుగెత్తే మనిషిని ఆ తొలి కెమెరాల ఫోకస్ అందుకోలేకపోయేది. తెర బ్యాటరీని తాగేసేది. 2013 నాటి సోనీ ఆల్ఫా 7 ఒక్క ఛార్జింగ్‌తో ఇచ్చింది సుమారు 340 ఫొటోలే. 2017లో వచ్చిన నికాన్ డీఎస్ఎల్ఆర్ (అద్దమున్న డిజిటల్ కెమెరా) డీ850 లెక్క 1,840. కానీ అదే 2017లో సోనీ ఏ9, తెర నల్లబడకుండా సెకనుకు 20 ఫొటోలు తీసి చూపించింది. మరుసటి ఏడాదే నికాన్, కానన్ కూడా అద్దంలేని ఫుల్‌ఫ్రేమ్ (ఫిల్ము ఫ్రేమంత సెన్సారున్న) కెమెరాల బాట పట్టాయి.

2021లో వచ్చిన నికాన్ జెడ్9లో అద్దమే కాదు, మెకానికల్ షట్టరూ లేదు. బరువు మాత్రం 1,340 గ్రాములు. అద్దమున్న డీ850 కంటే ఎక్కువ. మెడనొప్పి తగ్గుతుందని అద్దంలేని కెమెరా కొనబోయేవారు, కొట్లోనే దానికి లెన్సు బిగించి ఓసారి మెడలో వేసుకుని చూడండి.