ఇంటి ఆటకు దారి చూపిన నాణెపు యంత్రము

సిరిసిల్ల, గంభీరావుపేట ప్రాంతములవారికి నేతపని పరిచితమైనది. వస్త్రముపై పువ్వును గాని, హంసను గాని తేవలెనన్న, ముందుగా గళ్లకాగితముపై ఒక్కొక్క గడిని నింపి నమూనా వ్రాసికొందురు. జపాను దేశమందు 1983 జూలై 15వ తేదీన వెలువడిన ‘ఫామికామ్’ అను ఆటయంత్రము టెలివిజను తెరపై బొమ్మలను నిలిపినదియు ఇట్టి ఉపాయముతోనే. అడ్డమునకు 8, నిలువునకు 8 చుక్కలు గల చిన్నగడులను అడ్డముగా 32, నిలువుగా 30 పేర్చి తెర నింపిరి. ఒకే గడిని పలుచోట్ల వాడుటచేత కొద్దిపాటి జ్ఞాపకపు చిప్పులతోనే గోడలు, మేఘములు, నిచ్చెనలు ఏర్పడెను.

అయినను ఈ యంత్రమునకు పుట్టినిల్లు బజారు. నింటెండో సంస్థ 1981లో ‘డాంకీ కాంగ్’ అను ఆటను వెలువరించెను. నాణెము వేసి, నిలువెత్తు పెట్టెయెదుట నిలబడి దానిని ఆడవలెను. ఆ సంవత్సరమే సంస్థ అధ్యక్షుడు హిరోషి యమౌచి, కార్ట్రిడ్జిలు మార్చి పలు ఆటలు ఆడదగిన ఇంటియంత్రమును రూపొందింపుమని మసయుకి ఉయెమురా అను ఇంజనీరును కోరెను. డాంకీ కాంగ్‌ను ఆడింపగలుగుటయే ఆ యంత్రమునకు గీటురాయి అయ్యెను. రికో సంస్థ రెండు ముఖ్యమైన చిప్పులను సమకూర్చెను. ఒకటి లెక్కలు చేసి ధ్వనిని పలికించును. రెండవది బొమ్మలను గీయును. వెల 14,800 యెన్లు. తొలినాటి మూడు ఆటలలో డాంకీ కాంగ్ ఒకటి. కాని బజారు ఆటలోని నాలుగు ఘట్టములలో ఒకటి ఇంటి కార్ట్రిడ్జిలో లేకపోయెను.

ఆ కాలముననే అమెరికాలో ఇంటి ఆటల వ్యాపారము కుప్పకూలెను. నాసిరకపు ఆటలు వెల్లువగా వచ్చిపడగా, అమ్ముడుపోని సరకుతో దుకాణదారులు నష్టపోయిరి. ఇక అట్టి యంత్రమును అంగడిలో ఉంచుటకే వారు జంకిరి. ప్రజలకే ఆటలపై మోజు తీరినదా? లేక వర్తకులకు మాత్రమే నమ్మకము సడలినదా? ప్రశ్న ఇదియే.

దీనికి నాణెపు యంత్రమే సమాధానము చెప్పెను. నింటెండో 1984లో ‘వర్సస్ సిస్టమ్’ అను పేర, ఫామికామ్‌లోని చిప్పులవంటివానినే బజారు పెట్టెలలో అమర్చెను. దొంగనకళ్లను అరికట్టుటకు కొన్ని ఆటల చిప్పులలో రంగుల వరుసను మార్చిరి. అమెరికా యువకులు నాణెములు వేసి టెన్నిసు, బేస్‌బాలు ఆటలను ఉత్సాహముతో ఆడిరి. అది ఇంటి యంత్రపు శక్తియేయని వారెరుగరు.

అయినను వర్తకులు వెంటనే మెత్తబడలేదు. 1985 జనవరిలో లాస్ వేగాస్ ప్రదర్శనమున, మీటల పలక, క్యాసెట్ రికార్డరు, తీగలేని చేతిపరికరములు గల నమూనా యంత్రమును ఉంచగా చూచినవారేగాని కొనుటకు ముందుకు వచ్చినవారు లేరు. ఆ నమూనా అంగడికి రానేలేదు. అలంకారములను తీసివేసి, పెట్టె ఆకారము మార్చి, బొమ్మ రోబోను జతచేసి, అదే సంవత్సరము అక్టోబరులో న్యూయార్కు నగరమున అమ్మకమునకు పెట్టిరి. మిగిలిన సరకును తిరిగి తీసికొందుమని దుకాణదారులకు మాట యిచ్చిరి. అప్పటి ఆటలలో ‘ఎక్సైట్‌బైక్’ వంటివి బజారు పెట్టెలలో అంతకుముందే పరీక్షకు నిలిచినవి.

1986లో ‘ప్లేచాయిస్-10’ వచ్చినది. ఇంటి ఆటలను పదింటివరకు ఒక్క బజారు పెట్టెలోనే ఉంచిరి. ఇందు నాణెము కొనునది ఆటను కాదు, కాలమును. గడువు తీరువరకు ఏ ఆటనైనను రుచి చూడవచ్చును. నచ్చినచో ఇంటికి కొనుక్కొనవచ్చును. బజారునుండి ఇంటికి వచ్చిన యంత్రము ఇంటినుండి తిరిగి బజారుకు పోయినది.

1990ల దశకమున మన తెలుగు పట్టణములలోను ఫామికామ్ నకలు యంత్రములను టెలివిజనుకు తగిలించి, గంటకింతయని పిల్లలచే ఆడించిన దుకాణములు వెలసినవి. ఆ పిల్లలు కొన్నదియు కాలమునే.

సరకు అమ్ముడుపోనప్పుడు జనులకు ఇష్టము చచ్చినదని తొందరపడి తీర్పు చెప్పుట వర్తకమున పరిపాటి. చచ్చినది నమ్మకమేయైనచో, ఇష్టము వేరొక వాకిట నిలిచియుండును. అమెరికాలో ఆ వాకిలి నాణెపు యంత్రము.